పొగగొట్టాలు ఆరిన పదమూడు నెలలు

ఏడో నెలలో పుట్టిన బిడ్డ బ్రతుకుతుంది, ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డ బ్రతకదు అనే మాట తెలుగునాట పెద్దల నోట నేటికీ వినబడుతుంది. ఇది శుద్ధ అబద్ధం. తల్లి కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డ ఊపిరితిత్తులకు, మెదడుకు, ప్రేవులకు బలాన్నిచ్చేదే. ఎనిమిదో నెల బిడ్డకు ఏడో నెల బిడ్డకంటె బ్రతికే అవకాశం ఎక్కువే కాని తక్కువ కాదు. ఆ నమ్మకం సంగతి అటుంచితే, నెలలు నిండకుండా కాన్పు అయిన ఇంట కారణం వెదకడం తల్లితోనే మొదలవుతుంది. బిందె ఎత్తినదని, బొప్పాయి తిన్నదని, గ్రహణంనాడు ఆరుబయట తిరిగినదని ఆమెనే తప్పు పడతారు. ఆమె పీల్చిన గాలిని అనుమానించేవారు అరుదు. ఊరందరూ పీల్చే గాలే కదా, అందరికీ లేనిది ఈమెకే ఎందుకు వచ్చినది అని అడుగుతారు. ఈ ప్రశ్న తేలికగా తీసివేయదగినది కాదు. గాలికి, అకాల ప్రసవానికి సంబంధం ఉన్నదని రుజువు చేయబూనిన శాస్త్రజ్ఞులకు ఎదురైన అసలు చిక్కు కూడా ఇదే.

37 వారాలు పూర్తికాక ముందే జరిగిన ప్రసవాన్ని అకాల ప్రసవం అంటారు. 2020లో ప్రపంచమంతటా సుమారు 1 కోటి 34 లక్షల మంది శిశువులు ఈ విధంగా పుట్టినారని అంచనా. అంటే పదిమందిలో ఒకరు. అందులో 30 లక్షలకు పైగా మన దేశంలోనే. అయిదేళ్లలోపు పిల్లల మరణాలకు నేడు మొదటి కారణం అకాల ప్రసవం వలన వచ్చే చిక్కులే. తల్లికి అంటురోగం, రక్తపుపోటు, కవల గర్భం, రక్తహీనత, పొగత్రాగుడు మొదలైనవి కారణాలుగా వైద్యులకు చిరకాలంగా తెలుసు. అయినా చాలా కాన్పులలో కారణం ఇది అని వేలుపెట్టి చూపడం సాధ్యం కాదు. ఆ తెలియని భాగంలో గాలికి ఎంత పాలు ఉన్నదన్నది గత ముప్పై ఏళ్లుగా సాగుతున్న విచారణ.

విచారణలో చిక్కు ఎక్కడ ఉన్నదో చూడండి. పొగ ఎక్కువగా ఉన్న పేటలో అకాల ప్రసవాలు ఎక్కువ అని లెక్క తేలినదనుకొందాం. ఆ పేటలో అద్దె తక్కువ. కనుక పేదలు ఎక్కువ. పేదవారికి తిండి తక్కువ, పని ఎక్కువ, వైద్యం దూరం. అప్పుడు నేరం పొగదా, పేదరికానిదా? రెండూ ఒకే వీధిలో కాపురం ఉన్నప్పుడు వాటిని విడదీయడం ఎట్లా? ప్రయోగశాలలో అయితే ఒక బోనులోని ఎలుకలకు పొగ పెట్టి, వేరొక బోనులోని ఎలుకలకు పెట్టకుండా చూడవచ్చును. గర్భిణులకు పొగ పెట్టి చూడరాదు. కనుక ఎవరూ తలపెట్టకుండానే, లోకవ్యవహారంలో గాలి ఉన్నట్టుండి మారిన సందర్భాల కోసం పరిశోధకులు కనిపెట్టుకొని ఉంటారు. వీటిని సహజ ప్రయోగాలు అంటారు. అట్టివాటిలో పేరుపడినది అమెరికాలోని యూటా లోయలో జరిగినది. దానినిబట్టి అకాల ప్రసవాల లెక్క తేల్చిన వ్యాసం 2008లో 'ఎపిడెమియాలజీ' పత్రికలో వెలువడినది. జెన్నిఫర్ పార్కర్, పాలీన్ మెండోలా, ట్రేసీ వుడ్రఫ్ దాని రచయిత్రులు. ఆ వ్యాసం ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ తొట్రుపడుతుందో పరిశీలించడం విద్యార్థులకు ఉపయోగకరం. ఫలితం ఒక్కటే తెలిస్తే అది వార్త. ఆ ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చునో కూడా తెలిసినప్పుడే అది శాస్త్రం.

యూటా లోయ చుట్టూ కొండలు గల ప్రదేశం. చలికాలంలో అడుగున చల్లని గాలి, పైన వెచ్చని గాలి పొరగా ఏర్పడి, కుండపై మూత పెట్టినట్లు లోయను కప్పివేస్తుంది. క్రింద పుట్టిన పొగ పైకి పోలేక రోజుల తరబడి అక్కడే తిరుగుతూ ఉంటుంది. ఇట్టి లోయలో రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఒక ఉక్కు కర్మాగారం కట్టినారు. జెనీవా కర్మాగారం అని దాని పేరు. లోయలోని ధూళికి అదే ముఖ్యమైన పుట్టిల్లు. 1986 ఆగస్టులో యాజమాన్యానికి, కార్మికులకు తగవు వచ్చి అది మూతపడినది. 1987 సెప్టెంబరులో, యాజమాన్యం చేతులు మారిన పిమ్మట, తిరిగి తెరచినారు. నడుమ పదమూడు నెలలు పొగ లేదు.

ఈ మూతను మొదట శాస్త్రానికి ఉపయోగించుకొన్నవాడు ఆర్డెన్ పోప్. ఆయన వైద్యుడు కాదు, అర్థశాస్త్రవేత్త. ఆ లోయలోని విశ్వవిద్యాలయంలోనే ఆచార్యుడు. ఆస్పత్రి చిట్టాలను, గాలిలోని ధూళి కొలతలను ప్రక్కప్రక్కన పెట్టి 1989లో ఆయన ఒక లెక్క ప్రకటించినాడు. కర్మాగారం నడిచిన చలికాలాలలో శ్వాసకోశ వ్యాధులతో ఆస్పత్రిలో చేరిన పిల్లల సంఖ్య, మూతపడిన చలికాలంలోని సంఖ్యకు రెండు మూడు రెట్లు ఉన్నది. 10 మైక్రానులకు లోబడిన ధూళికి 1987లో అమెరికా విధించిన ఒక రోజు హద్దు ఘనపు మీటరుకు 150 మైక్రోగ్రాములు. కర్మాగారం నడిచిన చలికాలాలలో లోయ గాలి ఆ హద్దును పలుమార్లు దాటినది. మూతపడిన చలికాలంలో ఒక్కసారి కూడా దాటలేదు. (అదే ధూళికి మన దేశంలో 2009లో విధించిన ఒక రోజు హద్దు 100 మైక్రోగ్రాములు. చలికాలంలో మన నగరాల కొలతలను ఉపాధ్యాయులు దీనితో పోల్చి చూడవచ్చును.)

పోప్ లెక్కకు ఆక్షేపణలు రాకపోలేదు. పసిపిల్లల ఊపిరితిత్తులకు సోకే ఒక వైరస్ కొన్ని ఏళ్లు ఉధృతంగాను, కొన్ని ఏళ్లు మందంగాను వస్తుంది. ఆ ఏడు అది మందంగా ఉండి ఉండవచ్చునని కొందరు అన్నారు. ఆక్షేపణ న్యాయమైనదే. అందువలన 2008 నాటి వ్యాసం విలువ మరింత పెరుగుతుంది. పసిపిల్లల దగ్గును తగ్గించి పెంచే వైరస్, తల్లుల కాన్పు తేదీలను కూడా అదే ఏడాదిలో మార్చినదని చెప్పడం కష్టం కదా.

ఇక ఆ వ్యాసం చేసిన పని ఇది. కర్మాగారానికి సమీపంలో నివసించే తల్లుల కాన్పులను మూడు కాలాలుగా విభజించినారు: మూతకు ముందు, మూతపడి ఉన్నప్పుడు, తెరచిన తరువాత. అదే రాష్ట్రంలో, లోయకు వెలుపల నివసించే తల్లుల కాన్పులను కూడా అదే విధంగా విభజించినారు. లోయలో, మూత కాలంలో గర్భవతులుగా ఉన్నవారికి నెలలు నిండని కాన్పులు తగ్గినవి. ముందున్నవారితో పోల్చినా, తరువాతవారితో పోల్చినా తక్కువే. లోయ వెలుపల ఆ కాలంలో మార్పు లేదు. గర్భం నాలుగో నెల నుండి ఆరో నెల వరకు, అంటే నడిమి మూడు నెలలలో, మూత తటస్థించినవారిలో ఈ మేలు అన్నిటికంటె స్ఫుటంగా కనబడినది. బిడ్డ బరువు విషయంలో మాత్రం నికరమైన తేడా ఏదీ కనబడలేదు.

ఈ అమరికలోని అందం ఎక్కడున్నదంటే, మూతకు కారణం ఆరోగ్యం కాదు. గాలి బాగుండాలని ఎవరూ కర్మాగారాన్ని మూయలేదు. కూలి తగవు మూసినది. తల్లులు మంచి గాలిని ఏరి కోరుకొని అక్కడికి పోలేదు. గాలే వారి ఇంటికి వచ్చినది. పేద, ధనిక తేడా మూతకు ముందూ ఉన్నది, వెనుకా ఉన్నది. పదమూడు నెలలలో మాయమై తిరిగి పుట్టలేదు. పైగా ఆ లోయలో ఎక్కువ మంది పొగత్రాగుడును నిషేధించిన మతానికి చెందినవారు. కనుక ఇటువంటి లెక్కలను ఎప్పుడూ చెడగొట్టే సిగరెట్టు పొగ ఇక్కడ అడ్డురాదు. అన్నిటికంటె ముఖ్యమైనది తిరుగుదల. పొగ ఆగితే తగ్గినది ఒకటే అయితే, దేశంలో వైద్యం మెరుగుపడి తగ్గినదేమో అనవచ్చును. పొగ మళ్లీ మొదలుకాగానే తగ్గినది మళ్లీ పెరిగినప్పుడు ఆ సాకు చెల్లదు. మీట నొక్కితే దీపం వెలిగి, ఎత్తితే ఆరి, తిరిగి నొక్కితే వెలిగినప్పుడు మీటకు దీపానికి తీగ ఉన్నదని ఒప్పుకోక తప్పదు.

అయితే మీటను ఇక్కడ ఒక్కసారే ఎత్తి దించినారు. మొదటి లోపం ఇదే. పదమూడు నెలలలో చలికాలం ఒక్కటే. ఆ చలికాలంలో లోయపై మూత పొర సహజంగానే పలుచగా ఉండి ఉంటే, ధూళి తగ్గుదలలో కొంత వాతావరణం పుణ్యమే. లోయ వెలుపలి తల్లులతో పోలిక ఈ సందేహాన్ని కొంతవరకు తీరుస్తుంది కాని పూర్తిగా తీర్చదు. కొండల నడుమ లోయకు, బయటి మైదానానికి వాతావరణం ఒక తీరుగా ఉండదు.

రెండవది జీతాల సంగతి. కర్మాగారం మూతపడినప్పుడు పొగ ఒక్కటే ఆగలేదు. వేలాది కుటుంబాలకు జీతమూ ఆగినది. ఉద్యోగం పోయిన ఇంట దిగులు ఉంటుంది, తిండికి వైద్యానికి లోటు ఉంటుంది. వ్యాసం ఈ రెంటినీ విడదీయలేదు. విడదీసే సాధనం పుట్టుక పత్రాలలో లేదు. ఇది లోపమే అయినా, విచిత్రంగా వ్యాసానికి అనుకూలమైన లోపం. దిగులు, లేమి అకాల ప్రసవాలను పెంచుతవి కాని తగ్గించవు. అవి ఉండి కూడా కాన్పులు మెరుగుపడినవంటే గాలి చేసిన మేలు లెక్కలో కనబడినదానికంటె పెద్దదే అయి ఉండాలి. పని కోసం ఊరు విడిచిపోయిన కుటుంబాల విషయం మాత్రం అంత సులభంగా తేలదు. పోయినవారు, మిగిలినవారు ఒకే తరహా మనుషులా అన్నది తెలిస్తే తప్ప ఆ మూల చీకటిగానే ఉంటుంది.

మూడవది నడిమి మూడు నెలల ప్రస్తావన. దీనిని ఫలితంగా కాక సూచనగా తీసుకోవడం మేలు. వేరు వేరు దేశాల పరిశోధనలలో ఒకటి మొదటి మూడు నెలలు అంటుంది, ఒకటి చివరి నెలలు అంటుంది. ఒకే మూత తేదీ, ఒకే తెరచిన తేదీ ఉన్నప్పుడు, గర్భంలో ఏ నెల అనేదీ సంవత్సరంలో ఏ ఋతువు అనేదీ పెనవేసుకొని ఉంటవి. నడిమి నెలలలో మూతను చూసిన తల్లి, మొదటి నెలలలో చూసిన తల్లి ఒకే ఋతువులో కనలేదు. వ్యాసంలో అన్నిటికంటె తరచుగా ఎత్తి చూపబడే వాక్యం ఇదే కాగా, అన్నిటికంటె బలహీనమైనది కూడా ఇదే.

బరువులో తేడా లేకపోవడాన్ని కొందరు వ్యాసానికి ఎదురుదెబ్బగా భావించినారు. బిడ్డలు నిండు నెలలతో పుడితే బరువు పెరగాలి కదా అన్నది వారి ప్రశ్న. చిన్న లెక్క వేస్తే అనుమానం తీరుతుంది. నూరుమందిలో ఇద్దరికి అకాల ప్రసవం తప్పినదని, తప్పినందువలన ఒక్కొక్క బిడ్డ 800 గ్రాములు ఎక్కువ తూగినదని ఊహించండి. మొత్తం 1600 గ్రాములు నూరుమందికి పంచితే సగటున ఒక్కొక్కరికి 16 గ్రాములు. ఆరోగ్యవంతులైన శిశువులలోనే ఒకరికి మరొకరికి 400, 500 గ్రాముల తేడా సర్వసాధారణం. ఆ గందరగోళంలో 16 గ్రాములు కనబడకపోవడంలో వింత లేదు. సగటు అనేది కొందరి కష్టాన్ని అందరికీ పలుచగా పులిమి కనబడకుండా చేస్తుంది.

పొగ ఊపిరితిత్తులలోకి పోతే గర్భాశయానికి ఏమి సంబంధం అనే ప్రశ్నకు వ్యాసం సమాధానం చెప్పదు. పుట్టుక పత్రాలు అది చెప్పలేవు. ఆ ఖాళీని ఇతరులు కొంత పూరించినారు. యూటా లోయలో ధూళిని పట్టిన వడపోత కాగితాలు భద్రంగా మిగిలి ఉన్నవి. మూతకు ముందు, మూతలో, తరువాత పట్టిన ధూళిని వేరు వేరుగా నీటిలో నానబెట్టి, ఆ సారాన్ని కొలత ప్రకారం ఎలుకల ఊపిరితిత్తులలోను, ఒప్పుకొన్న మనుషుల ఊపిరితిత్తులలోను ప్రవేశపెట్టి చూసినారు. కొలత ఒకటే అయినా, కర్మాగారం నడిచిన ఏళ్ల ధూళి కలిగించిన వాపు ఎక్కువ, మూత ఏటి ధూళి కలిగించినది తక్కువ. ఆ ధూళిలోని లోహాలే దీనికి కారణమని పరిశోధకులు భావించినారు. అంటే ధూళి ఎంత అన్నది ఒక్కటే చాలదు, ఏ ధూళి అన్నది కూడా చూడాలి. వాపు రక్తం ద్వారా శరీరమంతటా ప్రభావం చూపుతుంది. ప్రసవ నొప్పులను ప్రారంభించే రసాయనాలు కూడా వాపుతో సంబంధం గలవే. గర్భాశయంలో అంటురోగం వచ్చినప్పుడు నెలలు నిండకుండా నొప్పులు రావడానికి ఇది ఒక మార్గమని వైద్యులకు ముందే తెలుసు. ఇక 2019లో బెల్జియం పరిశోధకులు జరాయువులో, మన వాడుకలో మాయలో, బిడ్డవైపు భాగాన నల్లని కర్బన రేణువులను చూడగలిగినారు. ఎక్కువ పొగలో నివసించిన తల్లుల మాయలో ఆ రేణువులు ఎక్కువగా ఉన్నవి. తల్లికి, బిడ్డకు నడుమ గోడ అనుకొన్నది ఈ రేణువులకు జల్లెడ అయినది.

యూటా ఒంటరి సాక్షి అయితే అనుమానించవచ్చును. జానెట్ కరీ, రీడ్ వాకర్ అనే అర్థశాస్త్రజ్ఞులు 2011లో మరొక సందర్భాన్ని పరిశీలించినారు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రహదారులపై సుంకం చెల్లించే చోట బండ్లు ఆగనవసరం లేకుండా యంత్రాలు పెట్టినారు. బారులు తీరి పొగ విడిచే బండ్లు తగ్గినవి. సుంకపు గేటుకు 2 కిలోమీటర్లలోపు తల్లులలో అకాల ప్రసవాలు, కొంచెం దూరంలో ఉన్నవారితో పోల్చితే, దాదాపు 11 శాతం తగ్గినవి. ఇక్కడ ఎవరి జీతమూ పోలేదు. యూటా లెక్కలోని ముల్లు ఇందులో లేదు. 2018లో కాలిఫోర్నియా నుండి వచ్చిన వ్యాసం 2001, 2011ల నడుమ మూతపడిన 8 విద్యుత్కేంద్రాలను లెక్కకు తీసుకొన్నది. 5 కిలోమీటర్లలోపు అకాల ప్రసవాలు నూటికి 7.0 నుండి 5.1కి దిగినవి. మూడు చోట్ల మూడు రకాల పొగ, మూడు రకాల కారణాలు. ఫలితం ఒకే వైపు మొగ్గినది. 2020 నాటి లాక్‌డౌన్‌ను కూడా ఇట్టి ప్రయోగమని కొందరు అన్నారు. 26 దేశాల లెక్కలలో మొదటి నెలలలో అకాల ప్రసవాలు కొద్దిగా తగ్గిన మాట నిజమే. కాని అప్పుడు గాలితోపాటు పని, ప్రయాణం, అంటురోగాలు, వైద్యుని వద్దకు పోవడం అన్నీ ఒకేసారి మారినవి. అది ఒక మీట కాదు, ఇంటి మొత్తానికి విద్యుత్తు పోవడం వంటిది. దానినిబట్టి ఏ దీపానికి ఏ తీగ అని చెప్పలేము.

మన దేశపు లెక్క 2025లో ఒకటి వచ్చినది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వివరాలను, ఉపగ్రహాల సాయంతో అంచనా వేసిన సూక్ష్మధూళిని కలిపి చూసిన పరిశీలన అది. ఎక్కువ ధూళికి లోనైన తల్లులకు అకాల ప్రసవం 70 శాతం ఎక్కువ అని పత్రికలు ప్రకటించినవి. ఇందులో రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది గణితానిది. వ్యాసంలో ఉన్నది అవకాశాల నిష్పత్తి 1.7. నూటికి 10 అకాల ప్రసవాలు ఉన్నచోట, అయినవి కానివి 10కి 90. దీనిని 1.7 రెట్లు చేస్తే 17కు 90; మొత్తం 107లో 17, అంటే నూటికి సుమారు 16. పెరుగుదల 70 శాతం కాదు, 60 శాతం. చిన్న తేడాయే కాని తరగతిలో తప్పక చెప్పవలసిన తేడా. రెండవది కొలతది. ఆ సర్వేలో గర్భకాలం తల్లి జ్ఞాపకం మీద నెలల లెక్కన నమోదైనది. 37 వారాల గీటు ఎనిమిదో నెల, తొమ్మిదో నెల నడుమ ఎక్కడో పడుతుంది. గజం బద్దతో అంగుళాలు కొలిచినట్లున్నది ఈ పని. సంబంధం లేదని దీని అర్థం కాదు. ఎంత అన్నది ఆ బద్దతో తేలదని మాత్రమే.

వంటింటి పొగ మాట వచ్చినప్పుడు ఒక ప్రతికూల ఫలితాన్ని దాచరాదు. తమిళనాడుతో సహా నాలుగు దేశాలలో 3,200 మంది గర్భిణులకు చీటీలు వేసినట్లు పంచి, సగం మందికి గ్యాసు పొయ్యి ఇచ్చి, సగం మందిని కట్టెల పొయ్యిమీదనే ఉంచి చేసిన ప్రయోగం 2022లో వెలువడినది. తల్లి పీల్చే సూక్ష్మధూళి సుమారు 71 మైక్రోగ్రాముల నుండి 24కు దిగినది. బిడ్డ బరువులో తేడా 20 గ్రాములే. అది యాదృచ్ఛికం కావచ్చునని లెక్క తేలినది. ఈ ప్రయోగం చూసినది ముఖ్యంగా బరువును కనుక, అకాల ప్రసవం విషయంలో ఇది యూటా ఫలితాన్ని కొట్టివేయదు. పైగా పొయ్యి ఇంటికి చేరేసరికి గర్భం మూడో నెలనో అయిదో నెలనో నడుస్తున్నది. అంతకు ముందు పీల్చిన పొగ పీల్చినదే. 24 మైక్రోగ్రాములు కూడా శుద్ధమైన గాలి కాదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన సంవత్సరపు హద్దు 5 మాత్రమే.

అందుచేత యూటా వ్యాసం వంటిది మన నేలపై జరగవలసి ఉన్నది. కావలసిన సామగ్రి అసాధ్యమైనది కాదు. మొదటి మూడు నెలలలో స్కానింగుతో నిర్ణయించిన గర్భకాలం ఉండాలి. జ్ఞాపకం మీది నెలల లెక్క పనికిరాదు. తల్లి నివాసానికి దగ్గరలో నేలమీద కొలిచిన ధూళి ఉండాలి. తగవు వలననో, మరమ్మతు వలననో, న్యాయస్థానపు ఉత్తరువు వలననో ఒక పెద్ద పొగగొట్టం ఆగిన తేదీ, తిరిగి రాజుకొన్న తేదీ తెలియాలి. కర్మాగారాలు ఆగడం, నడవడం మన వద్ద అరుదు కాదు. ఆ తేదీల ప్రక్కన ప్రసూతి ఆస్పత్రి చిట్టాను పెట్టి చూసేవారే కావాలి. ఆర్డెన్ పోప్ చేసినది నిజానికి ఇంతే: రెండు కార్యాలయాలలో విడివిడిగా పడి ఉన్న రెండు పుస్తకాలను ఒక బల్లమీదికి తెచ్చినాడు.

జెనీవా కర్మాగారం 2001లో శాశ్వతంగా ఆగిపోయినది. కొలుములను పడగొట్టి, ఆ స్థలంలో నేడు ఇళ్లు కట్టుకొన్నారు.